శీతాకాలంలో ముందుగది అలంకరణ

చలి రోజులలో ఇంటిల్లిపాదీ కూర్చొనే గదిని వెచ్చగా, హాయిగా ఉండేటట్లు అమర్చుకోవడాన్ని శీతాకాలపు ముందుగది అలంకరణ అనవచ్చును. ఇందులో నేలపై పరిచే చాపలు, జంపకానాలు, కిటికీలకు కట్టే తెరలు, దిండ్లు, బొంతలు, దీపాల వెలుతురు, గోడల రంగులు, పూలు, బొమ్మలు మొదలైనవన్నీ చేరుతాయి. మంచు కురిసే దేశాలలో ఇది పెద్ద శాస్త్రంగా, పెద్ద వ్యాపారంగా పెరిగినది. చలి అంతంత మాత్రంగా ఉండే కోస్తా ఆంధ్రలో కూడా దీనికి తనదైన సంప్రదాయం ఉన్నది. ధనుర్మాసంలో ఇల్లు దులిపి, వెల్ల వేసి, ముగ్గులు పెట్టి, సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చడం ఆ సంప్రదాయంలోనివే. ఈ వ్యాసంలో గోదావరి జిల్లాల ఉత్తరపు అంచున ఉన్న తుని పట్టణ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించబడినది.

పదాలు

వీధి తలుపు దాటగానే వచ్చే గదిని గోదావరి జిల్లాలలో ముందుగది, వీధిగది, సావిడి, హాలు అని పలువిధాలుగా పిలుస్తారు. పెంకుటిళ్ళలో వీధి అరుగుకూ, లోపలి గదులకూ నడుమ ఉండే భాగం వసారా. నేటి ఇళ్ళలో హాలు అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. చలికాలాన్ని సంప్రదాయ కాలగణనలో రెండు ఋతువులుగా చెబుతారు. మార్గశిర, పుష్య మాసాలు హేమంత ఋతువు. మాఘ, ఫాల్గుణ మాసాలు శిశిర ఋతువు. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దు కూడా ఉండదని సామెత. శివరాత్రికి చలి "శివశివా" అంటూ వెళ్ళిపోతుందని మరొక నానుడి. అంటే అలంకరణకు పనికివచ్చే కాలం ఇంచుమించు మూడు నెలలు.

తుని ప్రాంతపు చలి

తుని పట్టణం తాండవ నది ఒడ్డున, హౌరా - చెన్నై రైలు మార్గంపై ఉన్నది. నదికి ఆవలి ఒడ్డున పాయకరావుపేట ఉన్నది. 2022 ఏప్రిల్ 4 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న తుని, ఆనాటి పునర్వ్యవస్థీకరణలో కాకినాడ జిల్లాలో చేరినది. ఒక వైపు బంగాళాఖాతం, మరొక వైపు తూర్పు కనుమలు ఉండడం వలన ఇక్కడి చలికి ఒక ప్రత్యేకత ఉన్నది. సముద్రం వేడిని నిలుపుకొంటుంది కనుక తీరప్రాంతంలో చలి ముదరదు. జనవరి నెలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడి నుండి నర్సీపట్నం మీదుగా కొండ ఎక్కితే వచ్చే లంబసింగి (అల్లూరి సీతారామరాజు జిల్లా) సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ కొన్ని రాత్రులలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పడిపోతుంది. ఒక పూట ప్రయాణంలో ఇంతటి తేడా ఉండడం గమనించదగినది. కొండ మీద చలి కాచుకొనడానికి నెగడు తప్పనిసరి. తునిలో ఒక దుప్పటి, ఒక చాప, సరిగా మూసిన కిటికీ చాలును. అలంకరణ విషయంలో ఈ తేడాను మరచిపోరాదు.

తుని సుమారు 17.35 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. డిసెంబరు 22 ప్రాంతంలో ఇక్కడ పగటి నిడివి సుమారు 11 గంటలు మాత్రమే. ఆ రోజులలో సూర్యుడు సరిగ్గా తూర్పున గాక, తూర్పుకు సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాక, దక్షిణ దిక్కున సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అందుచేత వేసవిలో ఎండ చొరబడని దక్షిణపు కిటికీ గుండా చలికాలంలో ఎండ గదిలోపలి దాకా వస్తుంది. ఖర్చు లేకుండా గదిని వెచ్చబరిచే మొదటి సాధనం ఇదే.

పూర్వపు ఇళ్ళలో చలికాలం

గోదావరి జిల్లాలలో సంపన్న రైతు కుటుంబాలు కట్టుకొన్న పెద్ద ఇళ్ళను మండువా లోగిళ్ళు అంటారు. వీటికి నడుమ ఆకాశం కనిపించే చతురస్రాకారపు ఖాళీ, దాని చుట్టూ లోపలికి వాలిన పెంకు కప్పు, నాలుగు వైపులా వసారాలు ఉంటాయి. మండువాలో పడే పొద్దుటి ఎండలో పిల్లలకు నలుగు పెట్టి స్నానం చేయించడం, వృద్ధులు పడక కుర్చీ వేసుకొని కూర్చోవడం, ఒడియాలు, అప్పడాలు ఎండబెట్టడం జరిగేవి. గోడలు మందంగా ఉండడం వలన పగటి వేడి రాత్రి వరకు నిలిచేది. గదులపైన చెక్కతో వేసిన అటక, కప్పుకూ గదికీ నడుమ గాలి పొరలా పనిచేసేది. పూరిళ్ళలో తాటాకు కప్పు, మట్టి గోడలు ఇదే పని చేసేవి.

నేటి కాంక్రీటు కప్పు ఇందుకు భిన్నమైనది. మబ్బులేని చలి రాత్రులలో అది తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదలివేస్తుంది. తెల్లవారేసరికి చల్లబడి, కింద కూర్చున్నవారి ఒంటి వేడిని లాగుతుంది. గదిలో గాలి చల్లగా లేకున్నా చలి వేస్తున్నట్లు అనిపించడానికి ఇది ఒక కారణం. పాత ఇళ్ళు పట్టణంలో అరుదవుతున్నందున, పూర్వం ఇల్లే చేసిన పనిని ఇప్పుడు గదిలోని సామాను చేయవలసి వస్తున్నది.

వెచ్చదనం ఎలా కలుగుతుంది

అలంకరణకు పూనుకొనే ముందు ఒక చిన్న శాస్త్ర విషయం తెలుసుకోవాలి. ఒకే గదిలో ఉన్న నాపరాయి, తుంగచాప రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అయినా రాయిపై కాలు పెడితే జిల్లుమంటుంది, చాపపై పెడితే అనిపించదు. రాయి ఉష్ణవాహకం, పాదంలోని వేడిని త్వరగా లాగివేస్తుంది. చాప, దూది, ఉన్ని తమ పోగుల నడుమ గాలిని బంధిస్తాయి. కదలని గాలి వేడిని పోనీయదు. కనుక బొంత, దుప్పటి, తివాచీ మొదలైనవి తామే వేడిని పుట్టించవు. మన ఒంటి వేడిని మనకే అట్టిపెడతాయి.

దీని నుండి మూడు సూత్రాలు చెప్పుకోవచ్చును.
1. ఒంటికి తగిలే చోట్ల రాయి, ఇనుము, ప్లాస్టిక్కు బదులు చెక్క, నూలు, ఉన్ని, చాప ఉండాలి.
2. గదిలోకి వచ్చే చలిగాలిని ఆపాలి, అయితే గాలి పూర్తిగా ఆడకుండా చేయరాదు.
3. పగటి ఎండను లోనికి రానిచ్చి, పొద్దువాలగానే తెరలు మూసివేయాలి.

నేల

పాలరాయి, గ్రానైటు, టైల్సు పరచిన నేలలు వేసవికి హాయి, చలికాలానికి కష్టం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి మరీ కష్టం. గది అంతటా పరుపు వేయనవసరం లేదు. కుర్చీల ముందు, ఉయ్యాలబల్ల కింద, పిల్లలు ఆడుకొనే చోట పరిస్తే చాలును. తెలుగునాట దొరికే పరుపులు ఇవి.

తుంగచాప: అందరికీ అందుబాటులో ఉండేది. ఒక్కటిగా పరచడం కంటే కింద చాప, పైన నూలు జంపకానా వేస్తే వెచ్చదనం బాగా పెరుగుతుంది.

జంపకానా: దట్టమైన నూలుతో నేసే పరుపు. వరంగల్లు జంపకానాలు పేరుపొందినవి. వీటికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఉతికి ఆరవేయడం సులువు కనుక తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతానికి బాగా పనికివస్తాయి.

తివాచీ: ఏలూరు ఉన్ని తివాచీలు పూర్వకాలం నుండి ప్రసిద్ధమైనవి, విదేశాలకు ఎగుమతి అయినవి. ఇవి ఖరీదైనవి. దుమ్మును పట్టి ఉంచుతాయి కాబట్టి ఉబ్బసం ఉన్నవారి ఇంట వాడకపోవడం మేలు.

గొంగడి: తెలంగాణ, రాయలసీమలలో దక్కనీ జాతి గొర్రెల ఉన్నితో నేసే కంబళి. చింతగింజల గంజి పెట్టి బిగువుగా చేస్తారు. కోస్తాలో కప్పుకొనడానికి గరుకుగా, బరువుగా అనిపించినా, నేలపై గాని, మంచంపై పరుపు కింద గాని వేసుకొంటే చాలా కాలం మన్నుతుంది.

ఏ పరుపైనా నున్నని నేలపై జారుతుంది. వృద్ధులు తిరిగే దారిలో అంచులు మడత పడకుండా చూడాలి. జారకుండా రబ్బరు వల వంటిది కింద వేయాలి. చలికి పరచిన పరుపు వలన కాలు జారి తుంటి ఎముక విరిగితే ఆ అలంకరణ వలన ప్రయోజనం లేదు.

కిటికీలు, తెరలు

చలికాలపు రాత్రి గాలి ఉత్తర, ఈశాన్య దిక్కుల నుండి వీస్తుంది. ఆ వైపున్న కిటికీ రెక్కల సందులను ముందుగా గమనించాలి. పాత చెక్క కిటికీలకు సందులు పడి ఉంటే గుడ్డ పేలికలు కుక్కడం కంటే వడ్రంగి చేత సరిచేయించడం మంచిది. వీధి తలుపు కింది సందు నుండి వచ్చే గాలికి, పాత చీరను పొడవాటి సంచిగా కుట్టి, అందులో ఇసుక గాని ఊక గాని నింపి, అడ్డంగా పెట్టవచ్చును.

తెర గుడ్డ దళసరిగా, కిటికీ చట్టం కంటే వెడల్పుగా, కిందికి దిగేటట్లు ఉండాలి. పల్చని తెర ఉన్నచోట దాని వెనుక పాత నూలు దుప్పటిని అస్తరుగా కుట్టుకొంటే సరిపోతుంది. కృష్ణా జిల్లా పెడనలో అచ్చువేసే కలంకారీ గుడ్డలలోని ఎరుపు, గోధుమ, ఆవపిండి రంగులు చలికాలపు గదికి ఎంతో నప్పుతాయి. పొద్దున ఎండ రాగానే తూర్పు, దక్షిణపు తెరలు పూర్తిగా తీసి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మూయాలి.

నరసాపురం పరిసరాలలో స్త్రీలు అల్లే లేసు తెల్లని జాలువలె ఉంటుంది. చలిని ఆపడానికి ఇది పనికిరాదు గాని, దళసరి తెరకు అంచుగాను, బల్లగుడ్డగాను, దిండు గలేబుపై కుట్టుగాను అందాన్నిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ పని ఇక్కడికి వచ్చినది. ఇంట కూర్చొని లేసు అల్లే స్త్రీలను శ్రామికులుగా గాక కేవలం గృహిణులుగా లెక్కించడం వలన వారికి ఎంత తక్కువ కూలి దక్కుతున్నదో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన తన గ్రంథంలో వివరించినది. బల్లపై పరచే ఒక గుడ్డ వెనుక ఎన్ని గంటల కంటి శ్రమ ఉన్నదో తెలిసినవారు దాని ధర గురించి బేరమాడరు.

ఆసనాలు, దిండ్లు, బొంతలు

ఇనుప కుర్చీలు, ప్లాస్టిక్కు కుర్చీలు చలికాలంలో వీపుకు చల్లగా తగులుతాయి. వాటిపై మడత దుప్పటి గాని, పలుచని పరుపు గాని వేయాలి. చెక్క పడక కుర్చీ, నవారు మంచం, నులక మంచం ఈ కాలానికి అనువైనవి. అయితే నులక మంచానికి అడుగు నుండి గాలి తగులుతుంది కాబట్టి పైన బొంత తప్పక వేయాలి. ఉయ్యాలబల్ల ఉన్న ఇళ్ళలో దానిని కిటికీకి ఎదురుగా గాక, లోపలి గోడ వైపుకు మార్చుకొంటే మంచిది. కుర్చీలను బయటి గోడకు ఆనించక ఒక జానెడు ఎడం ఉంచాలి. దూరదూరంగా వేసిన కుర్చీల కంటే దగ్గరగా, ఒకరికొకరు ఎదురుగా వేసిన కుర్చీలు గదికి నిండుదనాన్ని ఇస్తాయి. నడుమ చిన్న బల్ల, దానిపై కాఫీ గ్లాసులకూ, తుని ప్రాంతంలో పేరుపొందిన తమలపాకుల తాంబూలం పళ్ళానికీ చోటు ఉండాలి.

దిండ్లు, బాలీసులలో బూరుగు దూది నింపడం పూర్వపు పద్ధతి. ఏడాదిపాటు అణిగిపోయిన దూదిని ఎండబెట్టి, ఏకించి, తిరిగి నింపితే కొత్తదానివలె పొంగుతుంది. చలి మొదలయ్యే ముందు దూది ఏకేవారు వింటివంటి పనిముట్టు భుజాన వేసుకొని వీధుల వెంట తిరగడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

బొంత అనగా పాత చీరలను నాలుగైదు పొరలుగా పరచి, చేతితో దగ్గర దగ్గరగా కుట్టిన దుప్పటి. పొరల మధ్య నిలిచే గాలి వలన ఇది బరువుకు మించిన వెచ్చదనాన్ని ఇస్తుంది. అమ్మమ్మల, నాయనమ్మల చీరలతో కుట్టినది కనుక దీనికి బజారులో దొరకని విలువ ఉన్నది. దీనిని మడతపెట్టి బీరువాలో దాచక, సోఫా చేతిపై వేసి ఉంచితే అలంకారానికి అలంకారం, కావలసినప్పుడు కప్పుకొనడానికి సౌకర్యం.

వెలుతురు, రంగులు

చలికాలంలో పొద్దు త్వరగా వాలుతుంది కనుక దీపపు వెలుతురు ప్రధానమైనది. విద్యుద్దీపాల కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు. దుకాణాలలో సాధారణంగా ఇచ్చే తెల్లని ఎల్ఈడీ దీపం 6500 కెల్విన్లది. దాని కాంతి నీలిఛాయతో చల్లగా అనిపిస్తుంది. 2700 నుండి 3000 కెల్విన్ల దీపం పూర్వపు బల్బువలె పసుపుపచ్చని కాంతినిస్తుంది. డబ్బాపై ఈ సంఖ్య ముద్రించి ఉంటుంది, చూసి కొనాలి. కప్పుకు ఒక పెద్ద దీపం పెట్టడం కంటే, గోడ మూలల్లో, కుర్చీ పక్కన రెండు మూడు చిన్న దీపాలు పెడితే గది వెచ్చగా కనిపిస్తుంది. 9 వాట్ల ఎల్ఈడీ దీపం పాత 60 వాట్ల బల్బుకు సరిసమానమైన వెలుతురునిస్తుంది కనుక ఖర్చు పెరగదు. చదువుకొనే పిల్లలకు మాత్రం ధారాళమైన వెలుతురు వేరుగా ఉండాలి.

సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేయడం తెలుగునాట ఆచారం. పూర్వం సున్నంలో కాస్త నీలిమందు కలిపేవారు. నేడు రంగులు వేయించేవారు ముందుగదిలో ఒక్క గోడకైనా గోధుమ, ఇటుక, లేత పసుపు వంటి రంగులు ఎంచుకొంటే చలికాలానికి అనువుగా ఉంటుంది. అయితే తుని ప్రాంతంలో వేసవి చలికాలం కంటే సుదీర్ఘమైనది, తీవ్రమైనది. కనుక గది మొత్తానికి ముదురు రంగు వేయడం తగదు. గోడలు లేత రంగులోనే ఉంచి, మార్చుకొనడానికి వీలైన గుడ్డలలో ముదురు రంగులు వాడడం ఉత్తమం.

బొమ్మలు, పూలు, బొమ్మల కొలువు

తునికి దగ్గరలోనే, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామం లక్క బొమ్మలకు ప్రసిద్ధి. అంకుడు కర్రను తరిణిపై తిప్పుతూ, ఆకులు, గింజలు, వేళ్ళ నుండి తీసిన రంగులు కలిపిన లక్కను పూస్తారు. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ కళలో సహజ రంగుల వాడకాన్ని పునరుద్ధరించిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించబడినది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలనే ప్రదర్శించినది. నున్నగా, గుండ్రంగా, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులలో ఉండే ఈ బొమ్మలు పసుపుపచ్చని దీపకాంతిలో మెరుస్తూ ముందుగదికి నిండుదనాన్నిస్తాయి. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు మరొక రకం.

కోస్తా ఆంధ్రలో బొమ్మల కొలువును సంక్రాంతికి తీర్చే కుటుంబాలు అనేకం. కొందరు దసరాకు తీరుస్తారు. ముందుగదిలో ఒక గోడ వారగా బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లని గుడ్డ పరచి, దేవతల బొమ్మలను పై మెట్లపైన, జంతువుల, వృత్తుల, పెళ్ళివారి బొమ్మలను కింది మెట్లపైన పేరుస్తారు. ఇరుగుపొరుగు పేరంటాళ్ళు వచ్చి చూసి, పసుపు కుంకుమలు, తాంబూలాలు అందుకొంటారు. భోగి నాటి సాయంత్రం పిల్లలను కుర్చీలో కూర్చోబెట్టి, రేగుపళ్ళు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి భోగిపళ్ళు పోసేదీ ఈ గదిలోనే. ఒక విధంగా తెలుగువారి చలికాలపు ముందుగది అలంకరణకు బొమ్మల కొలువే శిఖరమని చెప్పవచ్చును.

ఈ కాలంలో బంతి, చేమంతి, డిసెంబరు పూలు విరివిగా లభిస్తాయి. గుమ్మానికి మామిడాకులు, బంతిపూల తోరణం, వాకిట ముగ్గు, అందులో గొబ్బెమ్మలు గదిలోకి రాకముందే పండుగ కళను తెస్తాయి. రాజమహేంద్రవరం దగ్గరి కడియం నర్సరీల నుండి తెచ్చిన కుండీల మొక్కలను ఎండ పడే కిటికీ దగ్గర ఉంచి, వేసవిలో కంటే నీరు తగ్గించి పోయాలి.

నిప్పు - జాగ్రత్తలు

వెచ్చదనం అనగానే అందరికీ తోచేది నిప్పు. పూర్వం బాలింతల గదులలోను, ముసలివారి మంచాల దగ్గర కూడా బొగ్గుల కుంపటి పెట్టడం ఉండేది. నాటి ఇళ్ళకు పెంకుల సందులు, మండువా ఖాళీ, తలుపుల సందులు ఉండడం వలన ఆ పొగ, వాయువులు బయటకు పోయేవి. నేటి కాంక్రీటు గదిలో కిటికీలు బిగించి కుంపటి పెట్టడం ప్రాణాపాయం.

బొగ్గు సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆమ్లజనితో కంటే ఈ వాయువుతో రెండు వందల రెట్లకు పైగా గట్టిగా కలిసిపోతుంది. దాంతో శరీరానికి ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మగత కలుగుతాయి. నిద్రలో ఉన్నవారికి ఈ లక్షణాలు కూడా తెలియవు. పొగ కనిపించడం లేదు కదా, నిప్పు కణకణలాడుతున్నది కదా అని ధైర్యపడరాదు. పొగలేని నిప్పు కూడా ఈ వాయువును విడుస్తుంది. ఎవరికైనా పై లక్షణాలు కనిపిస్తే తలుపులు తెరచి, వెంటనే ఆరుబయటి గాలికి చేర్చి, 108కి ఫోను చేయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన మార్గదర్శకాలలో, చలి దేశాలలో ఇంటిలోపల 18 డిగ్రీల సెల్సియస్ ఉంటే ఆరోగ్యానికి క్షేమమని పేర్కొన్నది. తుని వంటి తీరప్రాంతపు పట్టణంలో తలుపులు వేసిన గది అంతకంటే చల్లబడడం అరుదు. కనుక ఇక్కడ గదిలో నిప్పు పెట్టవలసిన అవసరమే లేదు. దుప్పటి, మేజోళ్ళు, స్వెట్టరు చాలును. మరికొన్ని జాగ్రత్తలు:
- సాంబ్రాణి ధూపం వేసిన తరువాత కాసేపు కిటికీ తెరచి ఉంచాలి.
- నూనె దీపాలు, కొవ్వొత్తులు తెరలకు, బొమ్మల కొలువు గుడ్డలకు దూరంగా పెట్టాలి. పడుకొనే ముందు ఆర్పాలి.
- విద్యుత్ హీటరు వాడితే దానిపై బట్టలు ఆరవేయరాదు. వెయ్యి వాట్ల హీటరు ఆరు గంటలు వాడితే ఆరు యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది.
- భోగి మంట ఆరుబయటనే వేయాలి. అందులో టైర్లు, ప్లాస్టిక్కు, రంగులు వేసిన చెక్కలు వేయరాదు. పాత సామాను మంటలో వేసేముందు, బాగుచేస్తే పనికివచ్చే పీటలు, ఊయల కొయ్యలు, పెట్టెలు అందులో ఉన్నవేమో చూడాలి.

వృద్ధులు, పసిపిల్లలు

చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొంటాయి, రక్తపోటు పెరుగుతుంది. అందుచేత వృద్ధుల ఆసనాన్ని గదిలో గాలి తగలని, పొద్దుటి ఎండ పడే చోట ఉంచడం అలంకరణలో మొదటి పని కావాలి. రాత్రి లేచి నడిచే దారిలో చిన్న దీపం ఉండాలి. పసిపిల్లలను మెత్తని దిండ్లు, బరువైన బొంతల నడుమ పడుకోబెట్టరాదు. ముఖంపై పడి ఊపిరి ఆడకపోవచ్చును. చలికాలంలో కూడా దోమలు ఉంటాయి కనుక దోమతెర తీసివేయరాదు. పగలు ఒక గంటసేపైనా అన్ని కిటికీలు తెరచి గాలి మార్చాలి.

చలి వెళ్ళిన తరువాత

తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. ఉన్ని, దూది సరుకులు బూజు పట్టకుండా శివరాత్రి తరువాత ఒక మంచి ఎండ రోజున ఆరుబయట ఎండబెట్టి, దులిపి, చల్లారిన తరువాత మడత పెట్టాలి. వేడి మీద మడిస్తే లోపల తేమ పడుతుంది. ఎండిన వేపాకును పలుచని గుడ్డలో మూటకట్టి మడతల నడుమ పెట్టవచ్చును. నాఫ్తలీన్ ఉండలు వాడినచో, ఆ బట్టలను తిరిగి వాడేముందు బాగా గాలికి ఆరవేయాలి. జన్యులోపం గల కొందరు పసిపిల్లలలో ఆ వాయువు రక్తకణాలను నాశనం చేస్తుంది.

ఇతర ప్రాంతాలలో

కాశ్మీరులో కాంగ్డీ అనే సన్నని కొమ్మల అల్లికతో కూడిన నిప్పుల కుండను వదులైన ఫెరన్ కింద పట్టుకొంటారు. ఏళ్ళ తరబడి వేడి తగలడం వలన తొడలపై, పొట్టపై చర్మ క్యాన్సరు వచ్చే సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదైనవి. జపానులో కొతాత్సు అనే పొట్టి బల్లకు అడుగున వేడి పరికరం అమర్చి, పైన బొంత కప్పి, కుటుంబమంతా కాళ్ళు లోపల పెట్టుకొని కూర్చొంటారు. డెన్మార్కులో హుగ్గె అనే మాట ఉన్నది. కొవ్వొత్తుల వెలుగు, వేడి పానీయం, ఆప్తులతో తీరిక సంభాషణ - ఇవన్నీ కలిసిన హాయి అని దాని అర్థం. ఈ మాట 2017లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో చేరినది. ఈ మూడింటిలోనూ సామాన్యమైన అంశం ఒకటే: వెచ్చదనం చుట్టూ మనుషులు దగ్గరగా చేరడం.

నేటి స్థితి

నేడు ముందుగదిలో కుర్చీలన్నీ టీవీ వైపు తిరిగి ఉంటున్నవి. పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా వెళ్ళగా, అనేక ఇళ్ళలో వృద్ధులు ఇద్దరే లేదా ఒక్కరే ఉంటున్నారు. సంక్రాంతి మూడు రోజులు మాత్రం ఇల్లు నిండుతుంది. ఆ మూడు రోజుల కోసం గదిని సిద్ధం చేయడం ఎంత ముఖ్యమో, మిగిలిన చలికాలమంతా ఆ గదిలో కూర్చొనే పెద్దలకు తగినట్లు దానిని అమర్చి వెళ్ళడం అంతకంటే ముఖ్యం. కిటికీ రెక్క బిగించడం, కుర్చీని ఎండ వైపు జరపడం, పాత బొంతకు కొత్త కుట్టు వేయించడం, పసుపుపచ్చని దీపం ఒకటి అమర్చడం - ఇవి ఒక పూట పని. ఖర్చు కూడా స్వల్పమే.

ఇవి కూడా చూడండి

తుని
మండువా లోగిలి
ధనుర్మాసం
బొమ్మల కొలువు
ఏటికొప్పాక బొమ్మలు
లంబసింగి